కాచిగూడ గోడ మీద రావి మొక్క

నేనుండేది కాచిగూడలో. స్టేషన్‌కి నడిచి వెళ్ళేంత దూరం. మూడో అంతస్తు మీద, 'పెంట్‌హౌస్' అని పేరు పెట్టి అద్దెకిచ్చిన ఒకే ఒక్క గది. లాభం ఏంటంటే టెర్రస్ మొత్తం నాదే. నష్టం ఏంటంటే, టెర్రస్ మీద ఏం జరిగినా దానికి బాధ్యుణ్ణి కూడా నేనే.

పోయిన నెల ఓనర్ ఆంటీ ఆయాసపడుతూ పైకొచ్చారు. పిట్టగోడకీ వాన నీళ్ళ పైపుకీ మధ్య పగుల్లోంచి ఒక మొక్క లేచింది. జానెడు కూడా లేదు. గుండె ఆకారం ఆకులు, చివర సన్నటి తోక. ఎవరైనా గుర్తుపడతారు. రావి.

"బాబూ, ఇది పెరిగితే గోడ రెండు ముక్కలైతది. జర పీకెయ్యవా?"

"చిన్నదే కదా ఆంటీ, మీరే పీకేయొచ్చుగా?"

"రావి చెట్టును మేం పీకొద్దు. పాపం."

"మరి నేను పీకొచ్చా?"

"నువ్వు సైన్సు చదివినోడివి. నీకేం కాదులే."

నేను చదివింది కంప్యూటర్ సైన్స్ అనీ, అందులో చెట్టు అంటే తలకిందులుగా గీసే బొమ్మ అనీ చెప్పినా ఆవిడ వినే మూడ్‌లో లేరు. ఆదివారం పీకుతానని ఒప్పుకున్నా. శనివారం రాత్రి ఊరికే ఫొటో తీసి, ఉస్మానియాలో బోటనీ పీహెచ్‌డీ చేస్తున్న నా ఇంటర్ ఫ్రెండ్‌కి పంపా. నిమిషంలో రిప్లై. "పీకకు మామా. రేపు క్యాంపస్‌కి రా. దాని అమ్మానాన్నల గురించి చెప్తా."

మొక్కకి అమ్మానాన్నలేంటి అనుకుంటూనే ఎంఎంటీఎస్ ఎక్కా. కాచిగూడ నుంచి విద్యానగర్, జామై ఉస్మానియా, ఆర్ట్స్ కాలేజ్. మూడో స్టేషన్.

వాడు నన్ను లైబ్రరీకో ల్యాబ్‌కో తీసుకెళ్తాడనుకున్నా. నేరుగా ఒక నాలా పక్కకి తీసుకెళ్ళాడు. అక్కడో మేడి చెట్టు. మామూలు చెట్లకి కొమ్మల చివర కాయలుంటాయి. మేడికి కాండం మీదే గుత్తులు గుత్తులుగా వేలాడతాయి, ఎవరో తెచ్చి అతికించినట్టు. రంగు తిరుగుతున్న ఒక కాయ కోసి, గోళ్ళతో రెండుగా చీల్చి నా ముఖం ముందు పెట్టాడు. లోపల్నుంచి దోమ కన్నా చిన్న పురుగులు బయటికి నడుచుకుంటూ వచ్చాయి. నేను రెండడుగులు వెనక్కి వేశా.

"వేమన గుర్తొచ్చాడు కదూ?"

గుర్తు రాకుండా ఎలా ఉంటాడు? పిరికివాడి మనసులోని బింకానికి మేడిపండుని పోలిక చేసి చెప్పాడు కదా. మూడో క్లాసులో బట్టీ పట్టిన పద్యం. అప్పట్నుంచీ తెలుగువాళ్ళకి మేడిపండు అంటే తిట్టే. అయితే మా వాడి వాదన ఏంటంటే, వేమన చూసింది కరెక్టే, లోపల పురుగులున్న మాట నిజం. కానీ అవి కుళ్ళు వల్ల పుట్టినవి కావు. అవి లేకపోతే మేడి చెట్టే లేదు.

ఇక్కణ్ణుంచి కొంచెం ఓపిగ్గా చదవండి, ఈ కథ నాకు వెబ్ సిరీస్ కన్నా బాగా నచ్చింది.

మేడి, మర్రి, రావి, జువ్వి, మనం తినే అంజూర, ఇవన్నీ ఒకే కుటుంబం. శాస్త్రంలో ఫైకస్ అంటారు. ప్రపంచంలో 750కి పైగా రకాలున్నాయి. వీటిలో దేనికీ పువ్వు కనపడదు. ఎందుకంటే మనం కాయ అనుకునేదే పూలగుత్తి. గుత్తిని సంచీలా లోపలికి మడిచి, మూతి బిగించేసినట్టు. వందల పూలు లోపలే పూస్తాయి. తేనెటీగ రాలేదు, గాలి రాలేదు. మూతి దగ్గర పొలుసులు కప్పిన సన్నటి రంధ్రం ఒక్కటే దారి.

ఆ దారిలోంచి దూరేది ఒక ఆడ కందిరీగ. రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, మనల్ని కుట్టదు. దారి ఎంత ఇరుకంటే దూరేటప్పుడు దాని రెక్కలు ఊడిపోతాయి, మీసాలు విరిగిపోతాయి. అంటే వన్ వే టికెట్. లోపల అది, తను పుట్టిన కాయ నుంచి మోసుకొచ్చిన పుప్పొడిని పూల మీద వేస్తుంది, కొన్ని పూలలో గుడ్లు పెడుతుంది, అక్కడే చచ్చిపోతుంది. గుడ్లు పెట్టిన పూలలో పిల్లలు పెరుగుతాయి. మిగతా పూలు విత్తనాలవుతాయి. కొన్ని వారాల తర్వాత ముందు మగవి పుడతాయి. వాటికి రెక్కలుండవు. ఆడవాటితో జతకట్టి, కాయ గోడకి బయటికి సొరంగం తవ్వి, అవీ చచ్చిపోతాయి. ఆడవి పుప్పొడి నింపుకుని ఆ సొరంగంలోంచి బయటపడి ఇంకో చెట్టు వెతుక్కుంటాయి. వాటికున్న టైం ఒకటి రెండు రోజులు. నాకు ఒక పుల్ రిక్వెస్ట్ అప్రూవ్ అవడానికే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

సాధారణంగా ఒక్కో చెట్టుకి ఒక్కో కందిరీగ. రావిది మర్రికి పనికిరాదు, మర్రిది మేడికి పనికిరాదు. ఈ ఒప్పందం వయసు దాదాపు ఏడున్నర కోట్ల ఏళ్ళని శాస్త్రవేత్తల లెక్క. అంటే డైనోసార్లు తిరుగుతున్నప్పుడే మొదలైంది.

మధ్యలో దొంగలు కూడా ఉన్నారు. కొన్ని కందిరీగలు పుప్పొడి మోయకుండా, లోపలికి కూడా దూరకుండా, బయటి నుంచే సూదితో కాయని తొలిచి గుడ్లు పెట్టేసి పోతాయి. మేడి కాయ ఎంత గట్టిగా ఉంటుందో తెలుసుగా? అలాంటి ఒక కందిరీగ సూది కొనకి జింక్ పూత ఉందని బెంగళూరు ఐఐఎస్‌సీ వాళ్ళు 2014లో చూపించారు. వెంట్రుక కన్నా సన్నటి డ్రిల్ బిట్టు.

("అంజీర్ నాన్‌వెజ్జా?" అని మీకూ రీల్ వచ్చే ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా పండించే పూనా రకం కందిరీగ అవసరం లేకుండానే పండుతుంది. ప్రశాంతంగా తినండి.)

సరే, ఇందులో జీనోమ్ ఎక్కడొచ్చింది? నేనూ అదే అడిగా. చెట్టు కిందే కూర్చుని వాడు ఫోన్‌లో ఒక పేపర్ తెరిచాడు. భోపాల్ ఐసర్ వాళ్ళు మర్రి, రావి రెండింటి జీనోమ్‌లూ చదివి 2022లో ప్రచురించారు. జీనోమ్ అంటే ఆ జీవి మొత్తం సోర్స్ కోడ్ అనుకోండి. ఏ, టీ, జీ, సీ అని నాలుగే అక్షరాలు. మర్రిది దాదాపు 39 కోట్ల అక్షరాలు. రావిది 33 కోట్లు. మనిషిది 300 కోట్ల పైమాటే. రావి కోడ్ మొత్తాన్ని మామూలు టెక్స్ట్ ఫైల్‌గా పెడితే 330 ఎంబీ చిల్లర. మీ ఫోన్‌లో ఉన్న సినిమా ఏదైనా అంతకన్నా పెద్దదే అయుంటుంది. ఆకులు గలగలమనే అంత పెద్ద చెట్టు, వందల ఏళ్ళు బతికేది, మూడొందల చిల్లర ఎంబీలో సర్దుకుంది.

చదవడం అంటే పుస్తకం చదివినట్టు మొదట్నుంచి చివరిదాకా చదవలేరు. వాళ్ళు వాడిన పద్ధతుల్లో ఒకటి నానోపోర్. డీఎన్ఏ పోగుని సూక్ష్మమైన రంధ్రంలోంచి లాగుతారు. అక్షరాలు దాటుతుంటే కరెంటు కొద్దికొద్దిగా మారుతుంది, ఆ మార్పుని బట్టి అక్షరాన్ని పోలుస్తారు. వచ్చేవి ముక్కలే. ఒకే పుస్తకం వంద కాపీలని ముక్కలుగా చించి కుప్ప పోస్తే, ఏ ముక్క చివర ఏ ముక్క మొదలుతో కలుస్తుందో చూసుకుంటూ మళ్ళీ ఒక్క పుస్తకం అతికించాలి. అసలు కష్టం అక్కడ. అది బయాలజీ కాదు, మా పనే. అది విన్నాక నాకు కొంచెం గర్వం కూడా వచ్చింది.

అతికించాక, 50 ఇతర పూల మొక్కల మధ్య ఈ రెండింటి స్థానం ఎక్కడో తేల్చారు. దగ్గరి చుట్టాలతో పోల్చి, ఏ జీన్లు మామూలు కన్నా ఎక్కువ మారాయో వెతికారు. జబ్బుల్ని తట్టుకోవడం, ఎండనీ కరువునీ ఓర్చుకోవడం, హార్మోన్ల సంకేతాలు, ముసలితనం, వీటికి సంబంధించిన జీన్లలో మార్పులు కనపడ్డాయి. మర్రి ఎందుకు అన్నేళ్ళు బతుకుతుంది అంటే ఒక్క జీన్‌ని చూపించి ఇదే అని చెప్పలేమనీ, చాలా పనులు కలిసి చేస్తున్నాయనీ వాళ్ళు తేల్చిన మాట.

కోడ్ ఎంత గట్టిదైనా దానికీ హద్దులున్నాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 700 ఏళ్ళని చెబుతారు. 2018లో చెదలు పట్టి కొమ్మలు విరిగి పడుతుంటే, ఆసుపత్రిలో పేషెంటుకి పెట్టినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. ఆ ఫొటో చూసే ఉంటారు.

ఆ పేపర్లో నాకు బాగా నచ్చిన ముక్క ఇంకోటుంది. "రావి చెట్టు రాత్రి కూడా ఆక్సిజన్ ఇస్తుంది" అని మా పెదనాన్న ఫ్యామిలీ గ్రూపులో ఏడాదికి రెండుసార్లు ఫార్వర్డ్ చేస్తారు. అది తప్పు. వెలుతురు లేకుండా ఏ మొక్కా ఆక్సిజన్ తయారు చేయలేదు. కానీ కొన్ని ఎడారి మొక్కలు నీళ్ళు పొదుపు చేసుకోవడానికి పగలు ఆకు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి, కార్బన్ డయాక్సైడ్‌ని లోపల దాచుకుంటాయి. కామ్ పద్ధతి అంటారు. ఆ పద్ధతి మర్రి, రావిల్లో కూడా ఉండొచ్చని ఈ జీనోమ్‌లలో ఆనవాళ్ళు దొరికాయి. రాత్రి ఏదో ప్రత్యేకంగా జరుగుతుందన్న అనుమానం వరకు ఫార్వర్డ్ ఓకే, ఆక్సిజన్ మాట మాత్రం కాదు. పెదనాన్నకి ఇది పంపితే బ్లూ టిక్కు వచ్చింది, అంతే.

నా టెర్రస్ మీది మొక్క కూడా అప్పుడు వేరేగా కనిపించింది. మట్టి లేదు, నీళ్ళు లేవు, ఎండాకాలం సిమెంటు కాలిపోతుంటుంది. రావి, మర్రి అడవిలో కూడా వేరే చెట్ల కొమ్మల సందుల్లో, బండల పగుళ్ళలో మొలిచే రకాలు. ఆ మొక్కకి నా పిట్టగోడ ఇంకో బండ.

"ఇంతకీ అమ్మానాన్నలు?" అన్నా.

వాడు ఇంకో రెండు పేపర్ల గురించి చెప్పాడు. 2013లో ఒక అత్తి జాతి కందిరీగ జీనోమ్ చదివారు. మన వాగుల ఒడ్డున పెరిగే బ్రహ్మమేడి ఉంది కదా, కొందరు బొమ్మమేడి అంటారు, దాని కందిరీగే. చూస్తే, వాసనలు పసిగట్టే జీన్లు, విషాలని విరిచే జీన్లు మిగతా కీటకాలతో పోలిస్తే బాగా తగ్గిపోయి ఉన్నాయి. ఎందుకు ఉండాలి? పుట్టడం కాయలో, పెరగడం కాయలో, చావడం కాయలో. ఒక్క చెట్టు వాసన తెలిస్తే చాలు. మిగతా కోడ్ అంతా కోట్ల ఏళ్ళలో డిలీట్ అయిపోయింది. మా భాషలో దీన్ని వెండర్ లాక్-ఇన్ అంటారు. ఆ చెట్టు పోతే ఇంకో చెట్టుకి మారే దారి లేదు.

2020లో ఇంకో బృందం చెట్టునీ కందిరీగనీ కలిపి చదివింది. చైనా మర్రి జీనోమ్, బ్రహ్మమేడి జీనోమ్, చైనా మర్రి కందిరీగ జీనోమ్, మూడూ పక్కపక్కన. ఆ మర్రికి ఊడలుంటాయి, బ్రహ్మమేడికి ఉండవు. ఊడల్లో ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ జీన్లు జోరుగా పని చేస్తున్నట్టు దొరికింది. బ్రహ్మమేడిలో మగ చెట్లు, ఆడ చెట్లు వేరు. పువ్వు భాగాల్ని తీర్చే ఒక జీన్ కాపీ మగ చెట్ల క్రోమోజోమ్ మీద మాత్రమే ఉంది. పాత ఫైల్‌ని కాపీ చేసి, పేరు మార్చి, కొత్త పనికి వాడుకోవడం మనమే కనిపెట్టామనుకున్నా. అన్నిటికన్నా ముఖ్యం, చెట్టు వదిలే వాసనల్లో కందిరీగని రప్పించేవి ఏవో కూడా వాళ్ళు పట్టుకున్నారు. తాళమూ తాళంచెవీ ఒకదాన్నొకటి చూసుకుంటూ మారాయన్న మాట.

ఆ చైనా మర్రి కందిరీగకి ఇంకో కథ ఉంది. అమెరికాలోని ఫ్లోరిడాలో ఆ మర్రిని వీధుల్లో నాటుకున్నారు. చెట్లు ఏపుగా పెరిగాయి, నీడనిచ్చాయి. కానీ వాటి కాయల్లో మొలిచే విత్తనం లేదు, ఎందుకంటే కందిరీగ లేదు. 1970లలో ఎలాగో ఆ కందిరీగ అక్కడికి చేరింది. ఇక అక్కణ్ణుంచి గోడల మీద, వంతెనల మీద, ఎక్కడ పగులుంటే అక్కడ మర్రి మొక్కలు. ఇప్పుడక్కడ దాన్ని కలుపు చెట్టు కింద లెక్కేస్తున్నారు.

"అర్థమైందా?" అన్నాడు. "నీ గోడ మీద రావి మొలిచిందంటే కాచిగూడ చుట్టుపక్కల ఆ కందిరీగ ఇంకా బతికే ఉంది. ఏ కెమెరాకీ దొరకదు. నీ గోడ పగులే దానికి సాక్ష్యం."

అమ్మ ఏదో ఒక రావి. పండు తిన్న గోరింకో, కోకిలో, గబ్బిలమో విత్తనాన్ని నా పైపు పక్కన వదిలింది. అది దగ్గర్లోనే ఉండి ఉంటుంది. నాన్న మాత్రం ఎక్కడివాడో. కందిరీగ పెద్దగా ఎగరలేదు, కానీ చెట్ల పైకి లేస్తే గాలే మోసుకుపోతుంది. నమీబియా ఎడారిలో ఒక నది వెంట ఉన్న అత్తి చెట్లని డీఎన్ఏతో పరీక్షిస్తే, పుప్పొడి 160 కిలోమీటర్ల దూరం నుంచి వచ్చినట్టు 2009లో తేలింది. అది ఎడారి, అక్కడ చెట్లు తక్కువ, వేరే జాతి. మన దగ్గర అంత దూరం అవసరం లేకపోవచ్చు. అయినా నా మొక్క నాన్న భువనగిరిలోనో, జనగామలోనో ఏ గుడి ముందో నిలబడి ఉండొచ్చనే ఊహ నాకు నచ్చింది. కొమ్మ నరికి నాటితే అదే చెట్టుకి కాపీ. గోడ మీద మొలిచింది మాత్రం కాపీ కాదు. ఆ 33 కోట్ల అక్షరాల ఈ అమరిక ఇంతకుముందు భూమ్మీద లేదు.

ఆకలేసి క్యాంపస్ దాటి తార్నాక దాకా నడిచాం. ఇరానీ చాయ్, రెండు సమోసాలు. కోవిడ్ టైంలో కరోనా జీనోమ్‌లు చదివిన సీసీఎంబీ ఇక్కణ్ణుంచి కాస్త ముందుకెళ్తే హబ్సిగూడలో ఉంది. ఇంత దగ్గర్లో ఇన్ని మిషన్లున్నాయి కదా, సిటీలో ఉన్న చెట్లన్నిటి జీనోమ్‌లూ చదివేసి సర్వర్లో బ్యాకప్ పెట్టేస్తే సరిపోదా అన్నా. నేను సీరియస్‌గానే అన్నా.

వాడు నవ్వలేదు. చేవెళ్ల రోడ్డు ఎత్తాడు. బీజాపూర్ హైవే మీద అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, రోడ్డుకి రెండు పక్కలా దాదాపు 900 మర్రులు. రోడ్డు వెడల్పు చేయాలి, చెట్లు అడ్డం, గొడవ నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఆ రోడ్డు మీద ప్రమాదాల్లో మనుషులు పోతున్నారు, అది చిన్న మాట కాదు. ఆ రోడ్డు పక్క ఊళ్ళవాళ్ళని అడిగితే వాళ్ళకి కావాల్సింది వెడల్పు రోడ్డు, తప్పు పట్టలేం. మధ్యేమార్గంగా అందరూ చెప్పేది, చెట్లని వేళ్ళతో లేపి వేరేచోట నాటడం. నాకూ అది మంచి ఐడియాలాగే అనిపించేది.

"చెట్టు బతకొచ్చు" అన్నాడు వాడు. "కానీ కొమ్మలన్నీ నరికి, మోడు చేసి తీసుకెళ్తారు. అది మళ్ళీ కాయలు కాసేదాకా కందిరీగకి ఆ చెట్టు లేనట్టే. దాని ఆయుష్షు రెండు రోజులు మామా, రెండేళ్ళు ఆగలేదు. ఈ వారం ఒక మర్రి, వచ్చే వారం ఇంకోటి, ఏడాది పొడుగునా ఎక్కడో ఒకచోట కాయ తయారుగా ఉండాలి. అందుకే పక్కపక్కన ఇన్ని చెట్లుండటం అవసరం. ఒకటో రెండో తరలిస్తే సర్దుకుంటుంది. గుంపుగా తీస్తే మధ్యలో గ్యాప్ వస్తుంది."

నేను సర్వర్లతో పనిచేస్తాను కాబట్టి నాకు గ్యాప్ అంటే వెంటనే అర్థమైంది. రాత్రి రెండింటికి ఫోన్ మోగే రకం గ్యాప్ అది. సర్వర్లో అయితే ఎవడో ఒకడు లేచి రీస్టార్ట్ చేస్తాడు. జీనోమ్ ఫైల్ బ్యాకప్ అన్న నా మాట వెనక్కి తీసుకున్నా. ఫైల్‌లో చెట్టు కోడ్ ఉంటుంది, దాన్ని నడిపే రెండు మిల్లీమీటర్ల పార్ట్ ఉండదు.

సాయంత్రం ఇంటికొచ్చి పిట్టగోడ దగ్గర కూర్చున్నా. ఆంటీ గోడ నిజంగానే పగులుతుంది, అందులో అనుమానం లేదు. వదిలేస్తే ఐదేళ్ళలో పైపు కూడా పోతుంది. అద్దెకుండేవాణ్ణి, గోడ నాది కాదు. కాబట్టి తీయాల్సిందే. ఒక బకెట్ నీళ్ళు పోసి పగులు నానబెట్టి, స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తవ్వా. గంట పట్టింది. పైకి జానెడు కూడా లేని మొక్కకి లోపల మూరెడు వేరు. చివర్లో అది నా చేతిలో పుటుక్కున తెగింది. వచ్చినంత వేరుతో మొక్కని ఖాళీ పెయింట్ డబ్బాలో నాటా. వానలు పడ్డాక క్యాంపస్‌లో ఆ నాలా పక్కనే పెడదామని మా వాడు మాటిచ్చాడు. మొదటి వారం ఆకులన్నీ రాలిపోయి పుల్ల మిగిలింది. ఇప్పుడు ఒక మొగ్గ కనపడుతోంది.

ఆంటీకి చూపించా. "మంచి పని చేసినవ్ బాబూ, చంపకుండా తీసినవ్" అన్నారు.

ఇదంతా అయ్యి మూడు వారాలు. నిన్న పొద్దున బట్టలు ఆరేయడానికి వెళ్ళి చూస్తే, అదే పగుల్లో, తెగిన వేరు మిగిలిన చోట, రెండు చిన్న ఎర్రటి ఆకులు. నేనింకా ఎవరికీ చెప్పలేదు. కానీ దాని పక్కన సిమెంటు మీద ఎవరో చిటికెడు పసుపు, కుంకుమ బొట్టు పెట్టి ఉన్నారు.